కెన్యా కుర్చీలో కూర్చునే అమ్మాయికి

విశాఖపట్నం

చి. మేఘనకు,

మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, ఐక్యరాజ్యసమితి నమూనాగా పిల్లలు ఒక్కో దేశం తరఫున కూర్చునే మీ మోడల్ యూఎన్‌లో నీకు కెన్యా వచ్చిందట, అమెరికానో చైనానో రాలేదని దిగాలుగా ఉన్నావట. చర్చకు పెట్టిన అంశం ఏమిటని అడిగితే "కృత్రిమ మేధ, ప్రపంచ న్యాయం" అన్నాడు. అది విన్నాక నాకు సంతోషమే కలిగింది. ఆ అంశం మీద మాట్లాడటానికి నీ కుర్చీకి ఉన్నంత బలం ఆ హాల్లో ఇంకో కుర్చీకి లేదు. ఎందుకో చెబుతాను. ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతున్నదాన్ని, ఇన్నాళ్లకు మన ఇంటి పిల్లకు చెప్పే అవకాశం వచ్చింది.

ఏఐ అనగానే అందరూ కాలిఫోర్నియా పేరెత్తుతారు. నువ్వు కెన్యా రాజధాని నైరోబీ నుంచి మొదలుపెట్టు. చాట్‌జీపీటీ లాంటివి ఇంత మర్యాదగా మాట్లాడుతున్నాయంటే, అంతకుముందే ఎవరో కూర్చుని ఏది బూతో, ఏది హింసో, ఏది పసిపిల్లల మీద అఘాయిత్యమో ఒక్కొక్కటే చదివి గుర్తులు పెట్టారన్నమాట. ఆ పని చేసినవాళ్లలో కెన్యా యువతీయువకులున్నారు. ఒక అవుట్‌సోర్సింగ్ కంపెనీ వాళ్లచేత చేయించింది. గంటకు వాళ్ల చేతికందింది రెండు డాలర్ల లోపేనని టైమ్ పత్రిక 2023 జనవరిలో బయటపెట్టింది. మన లెక్కలో 110 నుంచి 160 రూపాయలు. రోజంతా అలాంటివి చదివి ఇంటికెళ్లాక తమ నిద్రలు, తమ సంసారాలు ఏమయ్యాయో వాళ్లే పత్రికలకు చెప్పుకున్నారు. నీకన్నా కొన్నేళ్లు పెద్దవాళ్లు, అంతే.

అదే నగరంలో ఫేస్‌బుక్ కోసం ఘోరమైన వీడియోలు చూసి వడపోసే పని ఇంకొందరిది. వాళ్లూ, అలాంటి పనే చేసే మిగతావాళ్లూ కలిసి 2023 మేలో 150 మందికి పైగా సమావేశమై యూనియన్ పెట్టుకోవాలని ఓటేశారు. ఫేస్‌బుక్ పని నుంచి తీసేసినవాళ్లు కోర్టుకు కూడా వెళ్లారు. మేం కెన్యాలో లేం, మీ కోర్టులకు మా మీద అధికారం లేదని ఫేస్‌బుక్ యజమాని మెటా వాదించింది. 2024 సెప్టెంబరులో కెన్యా అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కేసు గెలిచారని కాదు సుమా. తమ కేసు తమ దేశంలోనే వినే చోటు ఒకటుందని తేలింది. అది తేలడానికే దాదాపు ఏడాదిన్నర పట్టింది.

నా దృష్టిలో మీ అంశంలోని అసలు ప్రశ్న ఇక్కడే ఉంది, మేఘనా. యంత్రం వల్ల నష్టపోయిన మనిషి ఎవరి గుమ్మం ఎక్కాలి? న్యాయం, సమానత్వం అని నీ ప్రసంగంలో ఎన్నిసార్లు అన్నా ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే వినేవాళ్లకు మిగిలేదేమీ ఉండదు.

దీనికోసం ఆఫ్రికా దాకా వెళ్లక్కర్లేదు. నువ్వు చదువుకుంటున్న హైదరాబాదులోనే చూడు. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థను వాడింది. రకరకాల ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలన్నీ ఒకచోట చేర్చి, పేర్లూ చిరునామాలూ పోల్చి, ఫలానా కుటుంబం పేదదో కాదో చెప్పే వ్యవస్థ అది. రిక్షా తొక్కి బతికిన ఒకాయన పేరు, కారున్న ఇంకొకాయన పేరుతో కలిసిపోయింది. కారున్న ఇల్లని చెప్పి ఆయన భార్యకు రేషన్ కార్డు లేకుండా చేశారు. ఇలా కంప్యూటర్ మాట మీద, నోటీసు ఇవ్వకుండా, ఇంటికొచ్చి చూడకుండా కార్డులు తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి పరిశీలించిన రెండు లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా నిజంగా అర్హులవేనని తేలింది. ఒక్కో మనిషికి నెలకు ఆరు కిలోల బియ్యం. ఆరేళ్ల పాటు ఆ బియ్యం అందని ఇంట్లో వండుకున్నదేమిటో ఏ డేటాబేస్‌లోనూ ఉండదు.

బీద దేశం కాబట్టి ఇలా జరిగిందనుకుంటావేమో. నెదర్లాండ్స్‌లోనూ జరిగింది. పిల్లల సంరక్షణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ములో మోసాలు పట్టుకోవడానికని అక్కడి పన్నుల శాఖ రిస్కు లెక్కలు కట్టే ప్రోగ్రామును వాడింది. డచ్చి పౌరులు కాకపోవడం కూడా అందులో ఒక అనుమాన కారణం. వేల కుటుంబాలను అన్యాయంగా మోసగాళ్లన్నారు, ఇచ్చిన డబ్బంతా తిరిగి కట్టమన్నారు. అప్పుల్లో మునిగి ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2021 జనవరిలో ఆ దేశ మంత్రివర్గం మొత్తం ఈ వ్యవహారం మీద రాజీనామా చేసింది. రెండు చోట్లా యంత్రం చేసిన తప్పు ఒకలాంటిదే. ఒకచోట మంత్రివర్గం దిగిపోయింది, ఇంకోచోట ఆ రిక్షా ఆయన భార్య ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈ తేడాను హాల్లో అందరి ముందూ పెట్టు. ప్రపంచ న్యాయం అంటే ఏమిటో వేరే నిర్వచనం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ఏం చేసిందో తెలుసుకుని వెళ్లాలి. 2021 నవంబరులో యునెస్కో కృత్రిమ మేధ నైతికతపై సిఫార్సులను ఆమోదించింది. 2024 మార్చిలో అమెరికా చొరవతో సర్వసభ్య సభ ఏఐ మీద తొలి తీర్మానం చేసింది, జులైలో చైనా చొరవతో ఇంకొకటి. రెండూ ఓటింగు లేకుండా ఏకాభిప్రాయంతో గడిచాయి. అదే ఏడాది సెప్టెంబరులో గ్లోబల్ డిజిటల్ కాంపాక్ట్ వచ్చింది. 2025 ఆగస్టులో 40 మందితో స్వతంత్ర శాస్త్రవేత్తల మండలిని, దేశాలన్నీ కూర్చుని మాట్లాడుకునే వేదికను ఏర్పాటు చేస్తూ ఇంకో తీర్మానం చేశారు. వీటిలో దేనికీ ఒక కంపెనీని గానీ ఒక ప్రభుత్వాన్ని గానీ కట్టిపడేసే శక్తి లేదు. అవి పనికిరానివని నేననను. ఏకాభిప్రాయంతో గడిచిన వాక్యం రేపు ఒక కోర్టులో, ఒక చట్టసభలో వాదనకు ఆధారమవుతుంది. కాకపోతే ఆ వాక్యాన్ని పట్టుకుని వెళ్లేవాళ్లు ఉండాలి.

ఐక్యరాజ్యసమితి బయట జరిగే చర్చల సంగతి ఇంకా చూడదగ్గది. సమితి ఏఐ సలహా మండలి 2024 నివేదికలో, బయట నడుస్తున్న ఏడు ముఖ్యమైన ఏఐ చర్చావేదికలను తీసుకుని ఏ దేశం ఎందులో ఉందో లెక్కేశారు. ఏడింటిలోనూ ఉన్నవి ఏడు దేశాలు. ఒక్కదానిలోనూ లేనివి 118. ఆ 118లో ఎక్కువ మనలాంటి దక్షిణ దేశాలే. డబ్బు లెక్కా అలాగే ఉంది. ప్రపంచంలో కంపెనీలు పరిశోధనకు పెట్టే ఖర్చులో 40 శాతం కేవలం వంద సంస్థలదేనని 2025లో సమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ అంక్టాడ్ నివేదిక చెప్పింది. అవి ఎక్కువగా అమెరికా, చైనాల్లోనే ఉన్నాయి. సర్వసభ్య సభలో కెన్యాకూ ఒకటే ఓటు, అమెరికాకూ ఒకటే ఓటు. సభ బయట లెక్క ఇది.

జాలి పుట్టించే ప్రసంగం మాత్రం రాయకు. కెన్యా చేతులు కట్టుకుని కూర్చున్న దేశం కాదు. మన దగ్గర ఫోన్‌పేలు రావడానికి చాలా ఏళ్ల ముందే, 2007లో, మామూలు బటన్ ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పేసాను జనంలోకి తెచ్చిన దేశం. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయాలు న్యూయార్క్, జెనీవా, వియన్నాలతో పాటు ఉన్న నాలుగో నగరం నైరోబీ. సాంకేతిక వ్యవహారాలకు ఆ దేశానికి ప్రత్యేక రాయబారి ఉన్నాడు, ఫిలిప్ థీగో. నేను పైన చెప్పిన సలహా మండలిలో ఆయనా సభ్యుడిగా పనిచేశాడు. 2025 మార్చిలో కెన్యా తన జాతీయ ఏఐ వ్యూహాన్ని ప్రకటించింది. అంతకుముందు 2024లో ఆఫ్రికన్ యూనియన్ ఖండమంతటికీ ఒక వ్యూహం తెచ్చింది. ఈ రెండూ చదివే కలం పట్టు.

చదివాక నీకు ఒక ఇబ్బంది ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. నువ్వు కూర్చునేది కెన్యా ప్రభుత్వం కుర్చీలో. ఆ ప్రభుత్వానికి విదేశీ కంపెనీలు ఇచ్చే ఉద్యోగాలు కావాలి, నిరుద్యోగులైన పిల్లలు అక్కడ లక్షల్లో ఉన్నారు. గట్టిగా అడిగితే ఆ పని ఇంకో దేశానికి తరలిపోతుందన్న భయం నిజమైనదే. అయితే ఆ కుర్చీ వెనక నిలబడ్డది గంటకు రెండు డాలర్ల లోపు కూలికి ఆ ఘోరాలన్నీ చదివిన పిల్లలు. ప్రభుత్వ విధానాన్ని పక్కన పెట్టేసి ఉద్యమకారిణిలా మాట్లాడితే చైర్‌పర్సన్ ఆపుతారు, ఆపడం న్యాయమే. విధానాన్ని మాత్రమే ఒప్పజెబితే ఆ పిల్లలు హాల్లోకి రానే రారు. దౌత్యమనే పనిలో కష్టమంతా ఈ రెంటి మధ్యే ఉంది. నేనైతే ఇలా వాదిస్తాను: పని కావాలి, కానీ ఒక్కో దేశం ఒంటరిగా బేరమాడితే ప్రతి దేశమూ పక్క దేశం కన్నా తక్కువకు ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకే కనీస వేతనం, మానసిక వైద్యం, ఫిర్యాదు హక్కు అన్ని దేశాలకూ ఒకే విధంగా ఉండేలా కలిసి అడగాలి. ఇది కెన్యా ప్రయోజనమే, ఇలాంటి పనే చేసే ఫిలిప్పీన్స్ ప్రయోజనమూ, మన దేశ ప్రయోజనమూ. ఇండియా కుర్చీలో ఎవరున్నారో చూసి ముందు వాళ్లతోనే మాట్లాడు.

ఇండియా అన్నాను కాబట్టి ఇంకొకటి. మన దేశం చేసిన ప్రతిదీ ఒప్పే అయి ఉంటుందనుకుని వెళ్లకు. 2023 నవంబరులో, మనిషి ప్రమేయం లేకుండా చంపగలిగే ఆయుధాల మీద చర్చ కోరుతూ సర్వసభ్య సభ మొదటి కమిటీలో ఒక తీర్మానం వచ్చింది. 164 దేశాలు సరేనన్నాయి. వద్దన్న ఐదింటిలో మనదీ ఒకటి. ఈ విషయం జెనీవాలో ఇప్పటికే ఉన్న ఒప్పందం కింద చర్చించాలి, సమాంతరంగా ఇంకో దారి వద్దన్నది మన వాదన. ఆ వాదన పూర్తిగా చదివి, ఆ తర్వాత నీ అభిప్రాయం నువ్వు ఏర్పరుచుకో. నాకు ఆ ఓటు సరైనదనిపించలేదు. ఏకాభిప్రాయం లేనిదే అడుగు కదలని చోట ఏళ్ల తరబడి చర్చలు సాగుతుంటే, ఈలోగా ఆయుధాలు ఆగవు కదా.

మోడల్ యూఎన్ వల్ల ఉపయోగం ఏమిటని మీ తాతయ్య నన్ను అడిగాడు. నానాజాతి సమితి ఉన్న 1920ల్లోనే కాలేజీ పిల్లలు ఇలాంటి నమూనా సభలు పెట్టుకున్నారు. ఇప్పుడు అది చాలాచోట్ల కోట్లు వేసుకుని, ఇంగ్లిష్ దంచేసి, బెస్ట్ డెలిగేట్ మెడల్ కొట్టే పోటీగా మారింది. అదే దాని హద్దని నువ్వూ అనుకోకూడదని వనువాతు పిల్లల సంగతి చెబుతున్నాను.

వనువాతు పసిఫిక్‌లో చిన్న ద్వీపదేశం, జనాభా మూడు లక్షల పైచిలుకు. మన జిల్లా కేంద్రాలు కొన్ని దానికన్నా పెద్దవి. అక్కడ యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ పసిఫిక్ క్యాంపస్‌లో 2019లో 27 మంది లా విద్యార్థులు, వేర్వేరు ద్వీపాల పిల్లలు, తరగతిలో ఒక ప్రశ్న తీసుకున్నారు. సముద్రం మన ఊళ్లను మింగేస్తుంటే, ఆ పొగ వదిలిన దేశాలను అంతర్జాతీయ చట్టంలో ఎక్కడ నిలదీయగలం? వాళ్లు దారులన్నీ వెతికి, అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అభిప్రాయం అడగడమే సరైన దారని తేల్చారు. తమ ద్వీపాల నాయకులకు ఉత్తరాలు రాశారు. చాలామంది జవాబివ్వలేదు. వనువాతు ప్రభుత్వం పట్టించుకుంది, 2021లో ఆ ప్రయత్నాన్ని తన భుజాన వేసుకుంది. ప్రపంచమంతటా యువజన సంఘాలు కలిశాయి. 2023 మార్చి 29న సర్వసభ్య సభ ఆ ప్రశ్నను ఏకగ్రీవంగా న్యాయస్థానానికి పంపింది, 130కి పైగా దేశాలు దాన్ని సహప్రతిపాదించాయి. 2025 జులై 23న హేగ్‌లో న్యాయమూర్తులు జవాబిచ్చారు. వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యత, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు అని.

తరగతి గదిలో మొదలైంది హేగ్ చేరడానికి ఆరేళ్లు పట్టింది. ఆ పిల్లలు ముందు కనిపెట్టింది గుమ్మాన్ని. ఎవరిని అడగాలి, ఏ మాటల్లో అడగాలి, ఎవరి ద్వారా అడగాలి అన్నది తేల్చుకున్నాకే ఊరేగింపులూ ప్రసంగాలూ. ఏఐ విషయంలో అలాంటి గుమ్మాన్ని మీ తరం ఇంకా వెతకాల్సి ఉంది. నువ్వు వెళ్లే ఆ హాలు దాన్ని వెతకడం నేర్చుకోవడానికి మంచి చోటు. అందుకే నిన్ను మానేయమనడం లేదు.

ముసాయిదా తీర్మానం దగ్గరికి వచ్చేసరికి నీ పట్టుదలంతా అక్కడ చూపించు. ప్రసంగాలు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ముందుమాటలో "గుర్తిస్తూ", "ఆందోళన చెందుతూ" అని ఎంతైనా రాయనివ్వు, దానివల్ల ఎవరికీ ఖర్చు లేదు. కార్యాచరణ భాగంలో నువ్వు అడగాల్సింది ఇది. ప్రభుత్వ పథకంలో యంత్రం ఒకరిని కాదంటే ఆ కారణం వాళ్ల భాషలో రాసి ఇవ్వాలి. మళ్లీ పరిశీలించడానికి ఒక మనిషి ఉండాలి, గడువు ఉండాలి, ఆ గడువు దాకా బియ్యమో పింఛనో ఆగకూడదు. డేటాకు గుర్తులు పెట్టే పనివాళ్లు తాము పని చేసిన దేశంలోనే అసలు కంపెనీ మీద కేసు వేసుకోగలగాలి. ఇవి రాయించాక, అనౌపచారిక చర్చలో పెద్ద దేశాల ప్రతినిధులు వచ్చి "ఉండాలి" అన్నచోటల్లా "ప్రోత్సహిస్తుంది" అని మార్చమంటారు. గడువు దగ్గర మాత్రం ఒప్పుకోవద్దు. మిగతాచోట్ల ఇవ్వగలిగినంత ఇవ్వు, అందరినీ కలుపుకోకపోతే ఓట్లు రావు.

కరెంటు గురించి కూడా ఒక క్లాజు ఉండాలి. డేటా సెంటర్లు 2024లో ప్రపంచ విద్యుత్తులో దాదాపు ఒకటిన్నర శాతం వాడాయి, 2030 నాటికి ఆ వాడకం రెట్టింపు దాటొచ్చని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఇది నాకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో మా విశాఖలో భారీ ఏఐ కేంద్రం పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఊరంతా సంబరపడింది, ఉద్యోగాలు వస్తాయన్న ఆశ నాకూ ఉంది. ఎన్ని నీళ్లు తీసుకుంటుంది, ఎక్కడివి, వేసవిలో మాకు కుళాయి ఆగితే ఎవరిని అడగాలి అన్న లెక్కలు ఊళ్లో అందరికీ తెలిసేలా బయట పెట్టాలని కూడా కోరుకుంటున్నాను. ఇలాంటి కేంద్రాలు పెట్టేవాళ్లు నీళ్లూ కరెంటూ లెక్క ఏటా ప్రకటించాలని మీ తీర్మానంలో రాస్తే, అది నైరోబీకీ విశాఖకూ కూడా పనికొస్తుంది.

ఇంకో మాట మీ నిర్వాహకులకు చెప్పాలి. ప్రపంచ న్యాయం గురించి చర్చించే హాల్లోకి రావడానికి రిజిస్ట్రేషన్ ఫీజు ఎంత? గురుకులంలో చదివే పిల్ల అంత కట్టగలదా? తెలుగులో ఆలోచించి తడుముకుంటూ ఇంగ్లిష్ మాట్లాడే పిల్లకు అక్కడ ఎంతసేపు చోటు దొరుకుతుంది? ఇంటర్నెట్ లేనివాళ్లు ప్రపంచంలో 260 కోట్ల మంది ఉన్నారని 2024లో అంతర్జాతీయ టెలికాం సంఘం లెక్కగట్టింది. వాళ్ల గురించి మాట్లాడే సభలో వాళ్లలాంటివాళ్లు ఒక్కరైనా ఉండొద్దా? వచ్చే ఏడాదికి కొన్ని సీట్లు గురుకులాల పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వమని, మాట్లాడే భాష తెలుగైనా ఫర్వాలేదనమని నువ్వే అడుగు. నీ క్లాసు పిల్లలతో సంతకాలు పెట్టించి, కాగితం మీద రాసి ఇవ్వు. నోటిమాటగా అడిగితే సరేనని మరిచిపోతారు.

కెన్యా వైఖరి వివరించే నీ పొజిషన్ పేపర్ తయారయ్యాక నాకు పంపు. ఇంగ్లిష్ ఎలా ఉందో నేను చూడను, దానికి మీ మేడమ్‌లు ఉన్నారు. ఫిర్యాదు చేసుకునే చోటు ఎక్కడో రాశావా లేదా అన్నది చూస్తాను. సభలో ఆ క్లాజుకు మద్దతు దొరక్కపోయినా వెనక్కి తీసుకోవద్దు. ఓటింగు అడుగు, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో రికార్డులో రాయించు.

ఆశీస్సులతో,
మీ అత్త